చేతులు చిన్నవైతే పెద్ద పియానో రచనలు వాయించలేరా?

వాయించగలరు, 1923లో బార్సిలోనాలో పుట్టిన స్పెయిన్ పియానిస్టు అలీసియా దె లరోచా అందుకు తిరుగులేని రుజువు. మనిషి ఐదడుగులు కూడా ఉండేవారు కారు, చేతులు చిన్నవి, అయినా రష్యన్ స్వరకర్త రఖ్మనినోవ్ మూడో పియానో కాన్చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే, చాలా కష్టమైన పెద్ద రచన) రికార్డు చేశారు.

చెయ్యి సైజు కన్నా వేళ్లు ఎంత విచ్చుకుంటాయన్నదే ముఖ్యం. ఆమెకు చిటికెన వేలు పొడుగు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎడం ఎక్కువ. అప్పటికీ అందని స్వరాలుంటే? కింది స్వరం ముందు నొక్కి, కుడి పెడల్ తొక్కిపట్టాలి. తీగ మోగుతూనే ఉంటుంది, ఈలోగా చెయ్యి పై స్వరాల మీదికి జరిగిపోతుంది. బాగా సాధన చేసిన చేతుల్లో ఇది దాదాపు ఒకేసారి మోగినట్టే ఉంటుంది.

స్పానిష్ స్వరకర్త అల్బేనిజ్ పియానో రచన ‘ఇబేరియా’నే తీసుకోండి. చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటాలి, దూరపు మెట్లకు గురి తప్పకుండా దూకాలి. పెద్ద చేతులవాళ్లూ జంకే ఆ రచనను ఆమె ఒకసారి కాదు, పలుమార్లు పూర్తిగా రికార్డు చేశారు.

దాంతో ఆమెది స్పానిష్ సంగీతమేనని చాలామంది పొరబడతారు. మొజార్ట్ సొనాటాలు ఆమె వేళ్ల కింద ఎంత తేటగా పలుకుతాయో విన్నవాళ్లు ఆ మాట అనరు.