టెక్ సందేహాలు: సర్వర్ సరే, డొమైన్ ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర మాది గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్. ఆఫీసులో 18 మందిమి. మెయిల్, ఫైళ్లు అన్నీ పాత విండోస్ సర్వర్ 2012 మీదే. షెడ్డు ఆఫీసుకు 180 మీటర్ల దూరం, అక్కడ నెట్ మాటిమాటికీ పోతోంది. కొత్త సర్వర్, రూటర్ కలిపి కొటేషన్ తెప్పించాం. ఇంకేం చూసుకోవాలండీ? - ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆ కొటేషన్‌లో ముందు మెయిల్ సర్వర్ లైను కొట్టేయండి. 18 మందికి సొంత మెయిల్ సర్వర్ అంటే గుక్కెడు పాల కోసం గేదెను కొన్నట్టే. కొనడం ఒక్కరోజు, మేపడం రోజూ. మీ విండోస్‌కు 2023 అక్టోబరు 10తోనే మామూలు సపోర్టు, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు, అయిపోయింది. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌చేంజ్ 2016, 2019లకూ 2025 అక్టోబరు 14తో సరి. పైగా మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఐపీకి మీ పేరున రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ నంబరు ఎవరిదో చెప్పే రికార్డు) ఉండదు, సర్వర్ నుంచి మెయిల్ బయటికి వెళ్లే దారి, పోర్ట్ 25, చాలాచోట్ల మూసే ఉంటుంది. అలాంటి చోటి నుంచి వెళ్లే మెయిల్‌ను పెద్ద సంస్థలు గుమ్మం దాటనివ్వవు. మెయిల్‌ను నెలవారీ క్లౌడ్ సర్వీసుకు మార్చి, ఫైళ్లకు రెండు డిస్కుల నాస్ (అందరూ నెట్‌వర్క్‌లో వాడుకునే ఫైళ్ల పెట్టె) పెట్టుకోండి, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా. రెండు డిస్కులున్నాయని బ్యాకప్ ఉన్నట్టు కాదు. పొరపాటున చెరిపేసిన ఫైలు రెండింట్లోనూ పోతుంది. వారానికోసారి కాపీ తీసి, తీశాక వైరు ఊడదీసే హార్డ్ డిస్క్ వేరే ఉండాలి.

షెడ్డు గొడవ రూటర్‌ది కాదు. ఈథర్నెట్ రాగి కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. మధ్యలో ప్లాస్టిక్ డబ్బాలో ఓ స్విచ్ పెట్టి ఎండకు వదిలేసి ఉంటారు, పోయేది అదే. రెండు భవనాల ఎర్తింగ్ ఒకటి కాదు గనక పిడుగు పడితే రాగి తీగ వెంట రెండు వైపుల స్విచ్‌లూ మాడతాయి. లోహం లేని సింగిల్ మోడ్ (దూరాలకు వాడే రకం) ఫైబర్ కేబుల్, 4 కోర్లది, అంటే నాలుగు గాజు పోగులది, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో భూమిలోంచి లాగించండి. రెండు కోర్లు వాడకానికి, రెండు స్పేర్. షెడ్డులో ఫ్యాన్ లేని స్విచ్ మూత గట్టిగా పడే పెట్టెలో ఉండాలి. ఫ్యాన్ ఉన్నదైతే రాతిపొడిని లోపలికి లాక్కుని తానే ఊపిరాడక పోతుంది. ఆఫీసులో వేయించే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ చివర తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వెనక్కి పంపేయండి.

ఇప్పుడు అసలు భయం. ఒంగోలు గ్రానైట్ వాళ్ల నుంచీ, నెల్లూరు రొయ్యల ఎగుమతిదారుల నుంచీ ఒకే కథ మళ్లీ మళ్లీ వస్తోంది. అకౌంట్స్ మెయిల్ పాస్‌వర్డ్ ఒకటి దొంగ చేతికి చిక్కుతుంది. వాడు హడావుడి చేయడు. వచ్చే ప్రతి మెయిల్ తనకూ చేరేలా ఫార్వర్డ్ రూల్ పెట్టి, ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లు (సరుకు పంపేముందు ఇచ్చే బిల్లులు) చదువుతూ కూర్చుంటాడు. అడ్వాన్స్ వచ్చే వారంలో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని బయ్యర్‌కు మెయిల్ పెడతాడు. సరుకు చెన్నై పోర్టులో, డబ్బు ఎవడి ఖాతాలోనో.

దీనికి మందు సర్వర్‌లో లేదు. యజమానితో మొదలుపెట్టి 18 మందికీ టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. యజమానులే ‘నాకెందుకులే’ అంటారు, దొంగకు కావలసిందీ ఆ మెయిలే. నలుగురు ఒకే పాస్‌వర్డ్‌తో తెరిచే ‘ఇన్ఫో’ మెయిల్‌ను షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా, అంటే ఎవరి లాగిన్‌తో వాళ్లు తెరిచేదిగా, మార్చండి. బయటి చిరునామాలకు ఆటో ఫార్వర్డ్ మొత్తానికే ఆపేయండి. ‘ఖాతా మార్పు మెయిల్‌లో చెప్పం, మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి అడగండి’ అన్న మాట ప్రతి ఇన్‌వాయిస్ మీదా అచ్చు వేయించండి. జరగరానిది జరిగితే వెంటనే బ్యాంకుకూ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం, సంగతి తెలిసిన 6 గంటల్లోగా వాళ్లకూ తెలపాలి.

మెయిల్ మార్చే ముందు డొమైన్, అంటే మీ మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు, ఎవరి పేరున ఉందో చూడండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరున ఉంటే, అతను ఫోన్ ఎత్తని రోజున మీ కంపెనీ చిరునామా మీది కాదు. పేరు మార్పించుకోండి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే సంస్థ) దగ్గర ఇచ్చే మెయిల్ మాత్రం అదే డొమైన్‌ది కాకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, ఓటీపీ ఎక్కడికి వస్తుంది?

ఇక మార్పు. పాప్ పద్ధతిలో (మెయిల్‌ను సర్వర్ నుంచి పీసీలోకి దించుకుని) వాడుతున్న సీట్లలో పాత మెయిల్స్ మామూలుగా సర్వర్‌లో ఉండవు, ఆ పీసీలోని పీఎస్‌టీ అనే అవుట్‌లుక్ ఫైల్లో ఉంటాయి. ముందు వాటిని కాపీ చేయండి. రెండు రోజుల ముందే డొమైన్ సెట్టింగుల్లో టీటీఎల్‌ను (పాత వివరాన్ని ఇతరులు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు దించి, శనివారం సాయంత్రం ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) మార్చండి. పాత సర్వర్‌ను రెండు వారాలు అలాగే ఉంచండి. సోమవారం పొద్దున్నే స్కానర్ మెయిల్ పంపడం లేదని, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ బిల్లు పంపడం లేదని కేకలు వినిపిస్తాయి. వాటిలో పాత ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్) వివరాలు మార్చడం అందరూ మరిచిపోయేదే.

అన్నట్టు, ఆ కొటేషన్‌లో సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె) కూడా ఉండే ఉంటుంది. ఫోన్లో చూడాలని దానికి పోర్ట్ ఫార్వర్డ్ చేసి, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా దారి తెరిచి, పాస్‌వర్డ్ 123456 పెట్టి వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అమ్మిన రోజే చివరి అప్‌డేట్ అన్నట్టుండే ఈ పెట్టెలను అకౌంట్స్ పీసీలున్న నెట్‌వర్క్‌లోనే తగిలిస్తారు. కెమెరాలకు వేరే వీలాన్ (ఒకే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) వేయించండి. వీలాన్ అంటే ఏంటని అడిగే ఇన్‌స్టాలర్‌కు పని ఇవ్వకండి.

ప్రశ్న: మా మెయిల్స్ బయ్యర్లకు స్పామ్‌లో పడుతున్నాయి. ఎస్‌పీఎఫ్ (మా డొమైన్ పేరున మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పే రికార్డు) పెట్టాం కదా? - ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రెండు పెట్టి ఉంటారు, చూడండి. పాత సర్వీసుది ఒకటి, కొత్తది ఒకటి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఒకే లైనులో కలపండి, అందులో డీఎన్ఎస్ లుకప్‌లు (వేరే రికార్డులను వెతికి చూడాల్సిన సార్లు) 10 దాటకూడదు. తర్వాత డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) ఆన్ చేసి, ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను ‘నన్’తో (ఏమీ చేయొద్దు) మొదలుపెట్టండి. రిపోర్టులు నెలరోజులు చూశాకే ‘క్వారంటైన్’కు (స్పామ్‌లో వేయి) మార్చండి. మొదటి రోజే ‘రిజెక్ట్’ పెడితే మీ బిల్లులే వెనక్కి వస్తాయి.