మే నెలలో దక్షిణాఫ్రికా: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిల్లల వేసవి సెలవుల్లో, మే చివర్లో, క్రూగర్ అడవి, కేప్‌టౌన్ చూడాలనుకుంటున్నాం. బాబుకి ఐదేళ్లు, పాపకి పదకొండు. అక్కడి ఎండలకి తట్టుకోగలరా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎండ సంగతి వదిలేసి స్వెట్టర్లు సర్దుకోండి. గుంటూరులో రోహిణీకార్తె మాడ్చేస్తుంటే అక్కడ చలికాలం మొదలవుతుంది. తెల్లవారుజామున ఓపెన్ జీపులో బయల్దేరితే చలిగాలి ముఖాన కొడుతుంది, మంకీక్యాపు తప్పనిసరి. మధ్యాహ్నానికి హాయిగా ఉంటుంది.

జంతువుల్ని చూడ్డానికి ఇది మంచి అదనే. వానలు ఆగిపోయి గడ్డి పల్చబడుతుంది, చిన్న కుంటలు ఇంకిపోతుంటాయి. ఏనుగైనా సింహమైనా మిగిలిన నీళ్ల దగ్గరికి రావాల్సిందే. (ఆగస్టు, సెప్టెంబరు ఇంకా మేలు గానీ బడులు ఒప్పుకోవు కదా!) అడవంతా చుట్టేయాలని చూడకండి. మడుగు దగ్గర ఇంజన్ ఆపేసి అరగంట ఓపిక పట్టండి.

ఒక చిక్కుంది. పార్కు వాళ్ల ఓపెన్ జీపుల్లో ఆరేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకోరు. కాబట్టి కారు అద్దెకి తీసుకోండి. మనలాగే ఎడమవైపు నడపడమే. తారు రోడ్డు మీద వేగం గంటకి 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు. ఆగుతూ చూస్తూ వెళ్తే వంద కిలోమీటర్లకి నాలుగు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇది లెక్కలో వేసుకోకే చాలామంది సాయంత్రం ఐదున్నరకి గేట్లు మూసే వేళకి చేరలేక జరిమానా కడతారు. అనుమతి ఉన్న చోట తప్ప కారు దిగకండి.

కేప్‌టౌన్‌కి మాత్రం ఇది వానాకాలం. సముద్రం పోటెత్తితే మండేలాని 18 ఏళ్లు బంధించిన రాబెన్ ద్వీపానికి పడవలు ఆపేస్తారు, గాలి ఎక్కువైతే టేబుల్ మౌంటెన్ కేబుల్ కారూ ఆగుతుంది. అక్కడ నాలుగు రోజులు ఉండగలిగితేనే వెళ్లండి. లేదంటే ఆ రోజులు డర్బన్‌కి ఇవ్వండి, అప్పుడక్కడ వానలు తక్కువ.

ప్రశ్న: డర్బన్ వైపు గాంధీగారి చోట్లు ఒక్కరోజులో చూడొచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: హడావిడి పడితే అవుతుంది, కానీ రెండు రోజులు పెట్టుకోండి. 1893 జూన్ 7 రాత్రి ఆయన్ని రైల్లోంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్ డర్బన్‌కి 80 కిలోమీటర్ల దూరం, దానికి ఒక పూట. 1904లో స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం ఊరి శివార్లలోని ఇనాండాలో ఉంది. 1985 అల్లర్లలో తగలబడ్డ గాంధీగారి ఇంటిని మళ్లీ కట్టారు. అక్కడికి స్థానిక గైడుతోనే, పగటిపూటే వెళ్లండి.

మిగిలిన రోజు ఊళ్లోనే గడపండి. చెరకు తోటల కూలీలతో మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న చేరింది ఈ రేవుకే. ఆ వలసల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ చరిత్ర కోసం 1860 హెరిటేజ్ సెంటర్ చూడండి. మధ్యాహ్నానికి బన్నీ చౌ తినండి. బ్రెడ్డు లోపల తొలిచి కూర నింపి ఇస్తారు, శాకాహారులకి బీన్స్‌ది దొరుకుతుంది.

ప్రశ్న: క్రూగర్ నుంచి రాగానే మలేరియా మాత్రలు ఆపేయొచ్చా?
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆపకూడదు. పరాన్నజీవి ముందు కాలేయంలో దాక్కుని తర్వాత రక్తంలోకి వస్తుంది. మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్ర పనిచేసేది అది రక్తంలోకి వచ్చాకే, అందుకే అడవి వదిలాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి ఇది సాధారణంగా ఇవ్వరు, వేరే మందు డాక్టరు రాస్తారు. తిరిగొచ్చాక జ్వరం తగిలితే ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకి ముందుగానే చెప్పండి.