సగటు చేయకముందే ఒకసారి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

భారం పడిన వస్తువు మీద నీ ఫైనైట్ ఎలిమెంట్ సిమ్యులేషన్ పూర్తయిందనీ, ఫలితాలను నివేదికలో ఏ బొమ్మలతో చూపాలో తోచడం లేదనీ రాశావు. ప్రతిబలాల (వస్తువు లోపల యూనిట్ వైశాల్యం మీద పనిచేసే బలాల) రంగుల బొమ్మతోనే మొదలుపెట్టాలని అనిపించడం సహజమేనమ్మా, అందరి చేయీ ముందుగా దాని మీదికే పోతుంది. అయితే మనం సాధారణంగా వాడే పద్ధతిలో వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కల వలగా, అంటే మెష్‌గా, విడగొడతాం. కంప్యూటర్ నేరుగా సాధించేది ఆ ముక్కలు కలిసే బిందువులైన నోడ్‌ల స్థానభ్రంశాలను, అంటే అవి ఎంత జరిగాయన్నదాన్ని, మాత్రమే. వాటిని అవకలనం చేస్తే వికృతులు (వస్తువు ఏ నిష్పత్తిలో సాగిందో, కుదించుకుందో చెప్పేవి) వస్తాయి, వికృతుల నుంచి ప్రతిబలాలు వస్తాయి. కాబట్టి బొమ్మలో అన్నిటికన్నా ఆకర్షణీయంగా కనిపించే రాశే స్థానభ్రంశాల కన్నా తక్కువ కచ్చితత్వం గలది. దేన్ని ముందు గీయాలో, దేన్ని ఎంతవరకు నమ్మాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ సంగతిని మనసులో ఉంచుకో.

మొదట వస్తువు వంగిన ఆకృతిని గీయి, వంగకముందు ఆకృతిని దాని వెనుక పలుచని గీతలతో ఉంచు. ఉదాహరణకు 1000 మి.మీ. పొడవు, 50 మి.మీ. భుజంతో చదరపు అడ్డుకోత ఉన్న, ఒక చివర మాత్రమే బిగించిన ఉక్కు దూలం (కాంటిలీవర్) కొసన 1000 న్యూటన్ల భారం ఉందనుకో. ఉక్కు దృఢత్వాన్ని చెప్పే యంగ్ గుణకం 200 గిగాపాస్కల్ అయితే కొస దిగేది 3.2 మి.మీ. మాత్రమే, అసలు కొలతలో గీస్తే అది కంటికి ఆనదు. అందుకే ఫలితాలను బొమ్మలుగా చూపే పారావ్యూ సాఫ్ట్‌వేర్‌లో వార్ప్ బై వెక్టర్ అనే సాధనం వాడి ఎన్నో రెట్లు పెంచి చూపుతాం. పెంచడంలో తప్పేమీ లేదు కానీ, ఎన్ని రెట్లు పెంచావో బొమ్మ కిందే రాయాలి. చిన్న వికృతుల సిద్ధాంతంతో లెక్కించిన వస్తువులో ఏదైనా భాగం కాస్త తిరిగి ఉంటే, పెంచి గీసినప్పుడు ఆ భాగం ఉబ్బినట్లు కనబడుతుంది. అది గీతలోని దోషమే తప్ప వస్తువులో జరిగినది కాదు.

ఈ బొమ్మలోనే బిగించిన ముఖం నిజంగా కదలకుండా ఉందా, సౌష్ఠవ తలం తన తలంలోనే నిలిచిందా అని చూడు. ఆ తరువాత ఆధారం దగ్గరి ప్రతిచర్యలన్నీ కూడి చూస్తే, పై ఉదాహరణలో 1000 న్యూటన్లు రావాలి, దూలం బిగించిన మొదలు దగ్గర వంపు ప్రతిబలం చేతిలెక్క ప్రకారం 48 మెగాపాస్కల్‌కు దగ్గరగా ఉండాలి. ఆ పోలికను సరిగ్గా బిగించిన అంచు మీద చేయకు, అక్కడి నుంచి అడ్డుకోత ఎత్తంత దూరం జరిగి, అక్కడి వంపు భ్రామకానికి (బలం, దూరాల లబ్ధానికి) లెక్కగట్టిన విలువతో చేయి. ఈ లెక్కలు సరిపోయేదాకా ప్రతిబలాల బొమ్మ తెరవనవసరం లేదు.

ఇక అసలు చిక్కు ప్రతిబలాల దగ్గరే వస్తుంది. వాటిని లెక్కించేది ఎలిమెంట్ లోపల లెక్క కోసం ఎంచుకున్న కొన్ని బిందువుల (గాస్ బిందువుల) దగ్గర. అక్కడి నుంచి నోడ్‌లకు విస్తరించినప్పుడు ఒకే నోడ్ దగ్గర కలిసే నాలుగు ఎలిమెంట్లు నాలుగు వేర్వేరు విలువలు చెబుతాయి. వాటిలో రెండిటినే తీసుకుంటే, ఒకటి 212 మెగాపాస్కల్ అనీ, పక్కది 148 అనీ చెప్పిందనుకో. సాఫ్ట్‌వేర్ వాటి సగటు 180 తీసి నున్నని రంగు పూస్తుంది, ఆ 64 మెగాపాస్కల్ తేడా ఉన్న సంగతి చూసేవారికి తెలియనే తెలియదు. ఆ తేడాయే మెష్ అక్కడ ముతకగా ఉందని చెప్పే సాక్షి. జీన్కీవిచ్, జూ అనే పరిశోధకులు 1987లో ప్రతిపాదించిన దోష అంచనా పద్ధతి కూడా నున్నగా చేసిన ప్రతిబలానికీ, ఎలిమెంట్ ఇచ్చిన ప్రతిబలానికీ మధ్య ఉన్న ఈ వ్యత్యాసాన్నే ఆధారం చేసుకుంది. అందువల్ల సగటు చేయని బొమ్మను ముందు నీ కోసం గీసుకో. ఎలిమెంట్ల అంచుల దగ్గర రంగులు గళ్ళుగళ్ళుగా విరిగిపోతే మెష్‌ను సన్నం చేసి మళ్ళీ లెక్కించు, తేడాలు తగ్గాకే నున్నని బొమ్మను నివేదికలో పెట్టు.

రెండు పదార్థాలు అతుక్కున్న చోట మాత్రం సగటు ఎప్పుడూ చేయకూడదు. ఉక్కు, అల్యూమినియం కలిసే తలానికి లంబంగా పనిచేసే ప్రతిబలం రెండు వైపులా సమానంగా ఉంటుంది కానీ, తలం వెంబడి ఉండే ప్రతిబలం నిజంగానే ఒక్కసారిగా మారవచ్చు. సగటు తీస్తే ఆ నిజమైన మార్పును మనమే చెరిపేసినట్లవుతుంది, కాబట్టి ఒక్కో పదార్థాన్ని విడిగా గీయి.

వాన్ మీసెస్ ప్రతిబలం (ఒక బిందువు దగ్గరి ప్రతిబలాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెప్పేది) ఒక్కటే చూపి ఊరుకోవడం చాలామందికి అలవాటు. నాకది నచ్చదు. విశాలమైన పలకలో చిన్న గుండ్రని రంధ్రం ఉండి ఒక దిశలో లాగుతున్నారనుకో. కిర్ష్ 1898లో ఇచ్చిన సాధన ప్రకారం రంధ్రపు అంచున ఒకచోట లాగిన ప్రతిబలానికి 3 రెట్ల తన్యత ఉంటుంది, దానికి 90 డిగ్రీల దూరంలో లాగిన ప్రతిబలానికి సరిగ్గా ఒక రెట్టు సంపీడనం ఉంటుంది. వాన్ మీసెస్ విలువ ఎప్పుడూ రుణాత్మకం కాదు గనుక ఆ రెండోచోట సంపీడనం ఉందన్న సంగతే కనబడదు. పగిలే స్వభావం గల పదార్థమైతే ప్రధాన ప్రతిబలాలను (ఒక బిందువు దగ్గరి గరిష్ఠ, కనిష్ఠ లంబ ప్రతిబలాలను) తప్పకుండా గీయాలి. వాటికి సున్నా దగ్గర తెల్లగా ఉండి, ధన రుణ విలువలకు రెండు వేర్వేరు రంగులుగా విడిపోయే పట్టీ వాడు.

పాత ఇంద్రధనుస్సు పట్టీని మానెయ్యి. అందులో పసుపు దగ్గర లేని అంచు ఉన్నట్లు కనిపిస్తుంది. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్‌లలో మాట్‌ల్యాబ్ 2014లోనూ, మాట్‌ప్లాట్‌లిబ్ 2017లో 2.0 వెర్షన్‌తోనూ దాన్ని తమ డిఫాల్ట్ ఎంపికగా ఉంచడం మానేశాయి. రెండు డిజైన్లను పోల్చే బొమ్మల్లో రంగుల పట్టీ హద్దులు ఒకటే ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

నీ వస్తువులో లోపలికి మలుపు తిరిగిన పదునైన 90 డిగ్రీల మూల ఉందన్నావు. దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. స్థితిస్థాపక సిద్ధాంతం ప్రకారం ఆ మూల దగ్గర ప్రతిబలానికి హద్దు లేదు, మూల నుంచి దూరం తగ్గేకొద్దీ అది సుమారు 0.455 ఘాతంతో పెరుగుతూ పోతుంది. అంటే ఎలిమెంట్ పరిమాణాన్ని సగం చేసిన ప్రతిసారీ బొమ్మలోని గరిష్ఠ విలువ దాదాపు 37 శాతం పెరుగుతుంది. ఆ విలువను పట్టుకుని పదార్థం విఫలమవుతుందని రాస్తే, నువ్వు నివేదించింది పదార్థపు బలం గురించి కాదు, నీ మెష్ గురించి. మెష్ పరిమాణం అడ్డంగా, గరిష్ఠ ప్రతిబలం నిలువుగా పెట్టి ఒక గ్రాఫ్ గీయి. రంధ్రపు అంచున విలువ ఒక అంకె దగ్గర నిలకడగా ఆగుతుంది, మూల దగ్గర మాత్రం ఆగకుండా ఎక్కుతూనే ఉంటుంది. మూలకు నిజంగా వంపు వ్యాసార్ధం ఉంటే దాన్ని మోడల్‌లో పెట్టు. లేకుంటే రంగుల పట్టీ పై హద్దును నువ్వే నిర్ణయించి, దాన్ని దాటిన చోటుకు బూడిద రంగు వేసి, కారణం కింద రాయి. లేదంటే ఆ ఒక్క బిందువే పట్టీ మొత్తాన్ని మింగేసి, మిగతా వస్తువంతా ఒకే నీలంలో మునిగిపోతుంది.

అంకెలు చదవాల్సిన చోట రంగుల కన్నా ఒక గీత వెంబడి గీసిన గ్రాఫ్ మేలు. ముఖ్యమైన ప్రతి అడ్డుకోతకూ ఒకటి గీసి, చేతిలెక్క ఉన్నచోట దాన్నీ అదే గ్రాఫ్‌లో చుక్కల గీతగా చూపు. ఏ భారమూ లేని స్వేచ్ఛా తలానికి లంబంగా ఉండే ప్రతిబలాన్ని గీస్తే సున్నా రావాలి. ఎంత వచ్చిందో అదే నీ ప్రతిబలాల దోషానికి ఉచితంగా దొరికిన కొలత. అంచులు వంగగల వర్గ (క్వాడ్రాటిక్) ఎలిమెంట్లు వాడి ఉంటే పారావ్యూలో నాన్‌లీనియర్ సబ్‌డివిజన్ లెవెల్ పెంచు, లేకపోతే వంపు అంచులు ముక్కలుముక్కలుగా కనిపించవచ్చు.

వచ్చే ఉత్తరంతో మూడు బొమ్మలు పంపు: రెట్లు రాసిన వంగిన ఆకృతి, మూల చుట్టూ సగటు చేయని ప్రతిబలం, మూల నుంచి దూరంతో ప్రతిబలం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్. మూడోదానికి రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉంచు. మూలకు దగ్గరలో, మరీ ఆనుకున్న ఒకటి రెండు ఎలిమెంట్లను వదిలేస్తే, వాలు రుణ 0.455కు చేరువగా ఉందో లేదో చూసి, మెష్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.