గిటార్ బిట్ మీదే, రుజువేది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నలుగురు స్నేహితుల రాక్ బ్యాండ్. మా పాట మొదట్లో వచ్చే గిటార్ బిట్ నేను కట్టిందే, కానీ సంగీతం అని సింగర్ తన పేరొక్కటే వేసుకున్నాడు. సొంత అన్నలా చూసుకున్నాను, అడగలేదు. పాట వచ్చి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. ఇప్పుడు యాడ్ డబ్బులొచ్చాయని తెలిసి అడిగితే ‘నువ్వు వాయించావంతే’ అన్నాడు. ఇంగ్లండ్‌లో ఒకాయన 38 ఏళ్ల తర్వాత కేసు వేసి గెలిచాడట కదా. ముందు నా ఒక్కడి పేరుతో కాపీరైట్ రిజిస్టర్ చేయించేయనా?

జవాబు: అన్నలా చూసుకున్న సంగతి పక్కన పెట్టండి. ఆ బిట్ మీరు కట్టారా, అతను కూనిరాగం తీస్తే మీరు వాయించారా? కేసంతా ఇక్కడే ఉంది.

మీరు చెప్పింది ప్రోకోల్ హారమ్ బ్యాండ్ ఆర్గనిస్ట్ మాథ్యూ ఫిషర్ కేసు. 1967 నాటి పాటలో ఆర్గన్ బాణీ అతనిదేనని కోర్టు నమ్మింది కాబట్టి సంగీతంలో 40 శాతం వాటా దక్కింది, పాత రాయల్టీ మాత్రం రాలేదు. 1999లో స్పాండౌ బ్యాలే బ్యాండ్ సభ్యులు ఇలాగే తమ పాటలు రాసిన గ్యారీ కెంప్ మీద వేసి ఓడిపోయారు, వాళ్లది వాయింపే కానీ రచన కాదని తేలింది.

ఆ 38 ఏళ్లు చూసి ధీమాగా ఉండకండి. మన లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 58 కింద డిక్లరేషన్ దావాకు, అంటే ఈ హక్కు నాదని కోర్టుతో చెప్పించుకునే దావాకు, గడువు మూడేళ్లే. అతను కాదన్న రోజు నుంచి లెక్క అని మీరంటారు, పాట విడుదలైన రోజు నుంచి అని అవతలి లాయరు అంటాడు. ఆ లాయరు లెక్కే నిలిస్తే మీకు మిగిలింది నాలుగు నెలలు, మాట్లాడుకుందాం అంటూ టీలు తాగితే గడువు ఆగదు.

ఒంటరిగా రిజిస్ట్రేషన్ మాత్రం వద్దే వద్దు. మాటలు, మిగతా బాణీ మీవి కావని మీకు తెలుసు, తెలిసి రిజిస్టర్‌లో అబద్ధం ఎక్కిస్తే కాపీరైట్ చట్టం సెక్షన్ 67 కింద ఏడాది దాకా జైలు ఉంది. గెలవాల్సిన కేసులో మీరే ముద్దాయి అవుతారు.

రిహార్సల్ రూం అద్దె రూపాయితో సహా పంచుకున్న నలుగురూ పాట ఎవరిదో ఒక్క కాగితం రాసుకోలేకపోయారా? సరే, ఫోన్లో మొదటిసారి రికార్డ్ చేసిన వాయిస్ మెమో ఉందేమో వెతకండి. దాన్ని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకండి, ఫోన్ మార్చకండి, ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచి ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. ఆ రోజు గదిలో ఉన్న డ్రమ్మర్ సాక్ష్యం చెప్తాడా, కనుక్కోండి.

ఈ వారమే లాయర్ నోటీసు ఇప్పించండి. అడగాల్సింది సంగీతంలో ఉమ్మడి కర్తృత్వం (అంటే మీరూ కలిసి కట్టారన్న గుర్తింపు), యాడ్ డబ్బు లెక్క. దారికొస్తే ఎవరికి ఎంత శాతమో రాసి నలుగురూ సంతకాలు పెట్టండి, రాకపోతే గడువులోపు దావా. బాణీ మీదని రుజువు కాకపోయినా కాపీరైట్ చట్టం సెక్షన్ 38ఏ కింద వాయించినవాడిగా రాయల్టీ అడగొచ్చు, దాన్నీ నోటీసులో చేర్పించండి.