‘365 డేస్’ మూడు రాత్రుల్లో చదివేశాను, కానీ ఎవరికీ ఇవ్వలేదు

ప్రశ్న: పోలండ్ రచయిత్రి బ్లాంకా లిపిన్‌స్కా రాసిన మాఫియా రొమాన్స్ ‘365 డేస్’ చదవొచ్చా? నా ఫ్రెండ్స్‌లో సగం మంది అదిరిపోయింది అంటున్నారు, సగం మంది చెత్త అంటున్నారు. చదివినవాళ్లు చెప్పండి.

మీ ఫ్రెండ్స్ రెండు జట్లలోనూ నేనున్నాను. పోయిన వేసవిలో మా అక్క కూతురు సెలవులకు మా ఇంటికొచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. “పిన్నీ, యాభై పేజీలు చదువు. తర్వాత ఆపగలిగితే ఆపెయ్” అని తన ట్యాబ్ నా చేతిలో పెట్టింది. ఆపలేకపోయాను. మూడు రాత్రులు పట్టింది. రెండో రాత్రి మా ఆయన లేచి “ఒంటిగంటయింది, ఇంకా ఏం చేస్తున్నావ్” అంటే ఆఫీసు మెయిల్ చూస్తున్నానని అబద్ధం కూడా చెప్పాను. కాబట్టి బోరు కొట్టిందని మాత్రం నేను అనకూడదు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లారా పోలండ్ రాజధాని వార్సాలో ఉండే, హోటల్ రంగంలో పనిచేసిన అమ్మాయి. ప్రియుడితో, స్నేహితులతో కలిసి ఇటలీలోని సిసిలీ దీవికి టూరు వెళ్తుంది. అక్కడి మాఫియా కుటుంబానికి పెద్ద అయిన మాసిమో ఆమెను ఎత్తుకుపోతాడు. కొన్నేళ్ల కిందట తూటాలు తగిలి గుండె ఆగిపోయిన క్షణంలో అతనికి ఒక అమ్మాయి ముఖం కనిపించిందట, అది ఈమె ముఖమేనట. ఆ ముఖాన్ని బొమ్మలు గీయించి ఇంట్లో పెట్టుకున్నాడు. 365 రోజులు గడువిస్తాడు, ఆలోగా నన్ను ప్రేమించకపోతే వదిలేస్తానంటాడు. నీ ఇష్టం లేకుండా ముట్టుకోను అని కూడా అంటాడు. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నాడన్నది చదివినవాళ్లకు తెలుసు.

2018లో పోలిష్‌లో వచ్చింది. 2020 జూన్‌లో, జనమంతా ఇళ్లలో కూర్చున్న కరోనా రోజుల్లో, దీని సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి రావడంతో ప్రపంచమంతా పాకింది. ఇంగ్లీషు అనువాదం 2021లో వచ్చింది.

ముందు బాగున్నవి చెప్తాను. లారా ఏడుపుగొట్టు హీరోయిన్ కాదు. కోపం వస్తే అరుస్తుంది, వస్తువులు విసురుతుంది, ఎదుటివాడు ఎంత పెద్ద డాన్ అయినా మాటకు మాట అప్పజెప్తుంది. కథ ఆమే చెప్తుంది కాబట్టి ఆ నోటి దురుసు పేజీ తిప్పిస్తుంది. ఆమె స్నేహితురాలు ఓల్గా అంటే నాకు ఇంకా ఇష్టం. వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకునే చోట్ల నవల ఒక్కసారిగా మామూలు మనుషుల కథ అయిపోతుంది. రచయిత్రి అలాంటి పేజీలు ఇంకో వంద రాసి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

మాసిమో కూడా మనకు కొత్తవాడేం కాదు. మా అమ్మ తరం యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదివి రాజశేఖరం కోసం కలలు కన్నది. డబ్బు, పొగరు, కారు, లోపల ఏముందో బయటపడనివ్వని మొహం. ఆ అచ్చులో పోసిన హీరోని చూస్తే మన చెయ్యి దానంతటదే పేజీ తిప్పుతుంది, నాకూ అదే జరిగింది. కానీ ఒక తేడా ఉంది. ‘సెక్రటరీ’ హీరోయిన్ జయంతికి నచ్చకపోతే ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లిపోయే దారుంది. ఆ దారి ఉంది కాబట్టే ఆమె ఉక్రోషం, ఆమె ప్రేమ రెండూ ఆమెవి. లారాకు గేటు దగ్గర తుపాకులున్నాయి. ఆమె చివరికి ‘సరే’ అన్నా, ఆ సరేకి విలువెంతో నాకు లెక్క తేలలేదు.

ఇక రాత సంగతి. పోట్లాట, షాపింగ్, పడకగది. మళ్లీ పోట్లాట. సగం దాటాక తర్వాత ఏమొస్తుందో నేనే చెప్పేశాను. మాఫియా అన్న పేరే గాని ఈ డాన్‌గారు పొద్దున లేచి చేసే పనేమిటో సరిగ్గా తెలియదు. విల్లాలు, పడవలు, సూట్లు వస్తుంటాయి, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చిందో మాత్రం రాదు. సిసిలీలో ఆ డబ్బులో కొంత షాపులవాళ్ల దగ్గర, వ్యాపారుల దగ్గర బెదిరించి వసూలు చేసే మామూళ్లు. అక్కడివాళ్లు ‘పిజ్జో’ అంటారు. అక్కడి పలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సి అని పైజామాలు కుట్టించే ఫ్యాక్టరీ యజమాని ఉండేవాడు. నేను కట్టను అని 1991 జనవరిలో ఏకంగా పేపర్లో ఉత్తరం రాశాడు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఇది తెలిశాక లారా సంచుల కొద్దీ బట్టలు కొనే పేజీలు మళ్లీ చదివితే అంత సరదాగా అనిపించలేదు.

నవల పూర్తయ్యాక నిద్రపట్టక, సిసిలీలో నిజంగా ఇలా ఎవర్నైనా ఎత్తుకుపోయారా అని ఫోన్‌లో వెతికాను. ఫ్రాంకా వియోలా పేరు దొరికింది. మీరు నవల చదివినా చదవకపోయినా ఈమె గురించి తెలుసుకోండి.

అల్కామో అనే ఊళ్లో రైతు కూతురు. పదిహేనేళ్లకే ఫిలిప్పో మెలోడియా అనేవాడితో సంబంధం కుదిరింది. వాడు మాఫియా కుటుంబానికి చుట్టం. వాడి సంగతి తెలిశాక తండ్రి సంబంధం వద్దనుకున్నాడు. అంతే, వాళ్ల ద్రాక్షతోట తగలబెట్టారు, బెదిరించారు. 1965 డిసెంబర్ 26న తుపాకులతో డజను మందికి పైగా ఇంట్లోకి జొరబడి ఆ పిల్లను ఎత్తుకుపోయారు. అడ్డం వచ్చిన ఎనిమిదేళ్ల తమ్ముణ్ని కూడా లాక్కెళ్లారు, వాణ్ని తర్వాత వదిలేశారు. ఆమెను ఎనిమిది రోజులు బంధించారు, మెలోడియా ఆమెపై అత్యాచారం చేశాడు.

అప్పటి ఇటలీ చట్టంలో 544వ అధికరణం అని ఒకటుంది. అత్యాచారం చేసినవాడు ఆమెనే పెళ్లి చేసుకుంటే నేరం మాఫీ. ఊరంతా జరిగేది అదేననుకుంది. మన దగ్గర కూడా పెద్దమనుషులు పంచాయితీ పెట్టి “ఇద్దరికీ ముడేసేస్తే సరి” అనే మాట నేను చెవులారా విన్నాను, అందుకే ఆ చట్టం చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. ఫ్రాంకా మాత్రం చేసుకోను అంది. తండ్రి పక్కన నిలబడ్డాడు. పెళ్లి మాటలకు ఒప్పుకున్నట్టు నటిస్తూనే పోలీసులతో కలిసి కూతుర్ని విడిపించుకున్నాడు. కేసు నడిచింది, మెలోడియాకు 11 ఏళ్ల శిక్ష పడింది, అప్పీలులో కాస్త తగ్గింది. 1968లో ఆమె తనకు నచ్చిన అబ్బాయిని అదే ఊళ్లో పెళ్లి చేసుకుంది. ఆ చట్టం రద్దవడానికి మాత్రం 1981 దాకా పట్టింది.

మాసిమో చేసిందీ మెలోడియా చేసిందీ ఒకటే. అదే దీవి, అదే మాఫియా, ‘నువ్వు నాదానివి’ అన్న అదే మాట. నవలలో వాడికి కండలు, పడవ, మంచి అత్తరు ఇచ్చారు. నాకు మింగుడుపడనిది అక్కడే.

దీని మీద మా పిల్లకీ నాకూ పెద్ద చర్చే అయింది. తన వాదన తీసిపారేసేది కాదు. “పిన్నీ, అది నిజం కాదని తెలిసే కదా చదువుతున్నా. భయమేస్తే ట్యాబ్ మూసేస్తా. బస్సులో ఎవడైనా తగిలితే మూసేయడానికి ఉండదుగా. ఇక్కడ కంట్రోల్ నాది” అంది. ఇంకా, “మీరంతా చూసే సినిమాల్లో హీరో వెంటపడి వేధిస్తే ఈలలు వేశారు. మేం చదివితే తప్పా?” అని దెప్పింది. ఆ రెండో మాటకు నా దగ్గర సమాధానం లేదు. వేశాం మరి.

అయితే నాకు వచ్చిన ఇబ్బంది వేరు. ఇంటర్ చదివేటప్పుడు మంగళగిరి నుంచి విజయవాడ కాలేజీకి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. ఒకతను ఏడాదిన్నర వెంటపడ్డాడు. ఏమీ అనేవాడు కాదు, నేనెక్కిన బస్సే ఎక్కేవాడు. ఒకరోజు సీటు వెనక రేకు మీద నా పేరు మార్కర్ పెన్నుతో రాసి ఉంది. మర్నాడు ఇంకో బస్సులో. తర్వాత కాలేజీ ప్రహరీ మీద. క్లాసులో అమ్మాయిలు “ఎంత లవ్వే బాబూ” అన్నారు. మా నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తారేమోనని నేను ఎవరికీ చెప్పలేదు, బస్సు టైము మార్చుకున్నాను, అంతే. నవలలో గోడల మీద లారా బొమ్మలు కనిపించే సీను చాలామందికి ఒళ్లు పులకరించే సీనట. నాకు ఆ బస్సు రేకు కనిపించింది. ఇరవై ఏళ్లయినా కడుపులో అదే తిప్పు.

ఈ విషయంలో నేనొక్కదాన్నే కాదు. వేల్స్ గాయని డఫీ తనను బంధించి అత్యాచారం చేశారని 2020లోనే బయటపెట్టింది. అదే ఏడాది జులైలో నెట్‌ఫ్లిక్స్ అధిపతికి బహిరంగ లేఖ రాసి, ఈ సినిమా అపహరణనూ అత్యాచారాన్నీ అందంగా చూపిస్తోందని నిలదీసింది. అది నిజంగా జరిగిన మనిషికి ఈ కథ ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. మీకు పద్దెనిమిది దాటి, హీరో చెడ్డవాడని తెలిసే చదివే అలవాటుంటే చదవండి, రెండు మూడు రాత్రులు ఇట్టే గడిచిపోతాయి. గొప్ప రచన కోసమైతే వద్దు. ఎవరైనా వెంటపడి వేధించిన అనుభవం ఉంటే మాత్రం ముందు సినిమా రివ్యూలు నాలుగు చదివి, ఏమేం ఉంటాయో తెలుసుకుని నిర్ణయించుకోండి. నా ఫ్రెండ్స్ ఇద్దరు పేరు అడిగారు, చెప్పాను గాని “చదవండే” అని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

రెండో భాగం చదివారా అని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నా. కొన్నాను. ఓల్గా కోసం. ముప్పై పేజీల దగ్గర ఆగింది. మా పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా “ఎంతవరకొచ్చావ్ పిన్నీ” అంటుంది, చదువుతున్నానే అని చెప్తున్నాను.