గడ్డి డబ్బుతో బండి కొనకండి

ప్రశ్న: మాది చిన్న గుర్రాల ఫామ్. మొత్తం 12 గుర్రాలు. నాలుగు మావి, ఎనిమిది వేరేవాళ్లవి, నెలనెలా ఫీజు తీసుకుని చూసుకుంటున్నాం. మేసే బీడు తక్కువ కాబట్టి ఏడాది పొడవునా ఎండుగడ్డి కొనాల్సిందే. గడ్డి షెడ్డు నుంచి గుర్రపుశాలకు 200 మీటర్ల దూరం, మధ్యలో కాస్త వాలు. ఇప్పుడు మా పనిమనిషి తోపుడు బండితోనే అన్నీ మోస్తున్నాడు, రోజుకు గంటన్నర దానికే పోతోంది. పాత ట్రాక్టరు, ట్రాలీ ఉన్నాయి, నడుస్తున్నాయి. కొత్త యూటీవీ (వెనక సరుకు తొట్టి ఉండే చిన్న నాలుగు చక్రాల పొలం బండి), అందులోనూ నాలుగు సీట్ల పెద్ద మోడల్ తీసుకుందామని మావారు అంటున్నారు. ఐదేళ్ల వాయిదాలు, ముందు ఏమీ కట్టక్కర్లేదని డీలర్ చెప్పాడు. సెకండ్ హ్యాండ్ చాలని నా అభిప్రాయం. కొత్తది మొత్తం డబ్బు కట్టి కొనేంత పొదుపు ఉంది, కానీ ఏడాది గడ్డి కొనేదీ ఆ డబ్బుతోనే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి వాక్యంలో ఉంది. బండి గురించి అడిగారు గానీ, మీ డబ్బుకు ప్రమాదం బండి వల్ల కాదు, గడ్డి డబ్బు బండిలోకి వెళ్లిపోవడం వల్ల. ముందు మోత లెక్క చూద్దాం, తర్వాత డబ్బు లెక్క. నాకు గుర్రం ఎక్కడం రాదు, కానీ అవి ఎంత తింటాయో లెక్కకట్టడం వచ్చు.

గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా మేత తింటుంది. సగటున 450 కిలోల గుర్రం అనుకుంటే 9 కిలోల గడ్డి. పన్నెండుకీ కలిపి రోజుకు 108 కిలోలు. చిన్న కట్ట 20 కిలోలు తూగుతుందనుకుంటే రోజుకు ఐదారు కట్టలు. ఇంతే. ఈ ఐదారు కట్టల కోసం నాలుగు సీట్ల బండి ఎందుకు? మామూలు రెండు సీట్ల యూటీవీ వెనక తొట్టిలో ఒక్క ట్రిప్పుతో అయిపోతుంది.

ఇంకో లెక్క ఉంది. దాన్ని డీలర్లు చెప్పరు, కొనేవాళ్లూ అడగరు. ఆ సైజు గుర్రం లద్దె, మూత్రం కలిపి రోజుకు 20 కిలోలకు పైనే వదులుతుంది. పన్నెండు గుర్రాలకు 250 కిలోల మాట. కింద పరిచే పొట్టు దానికి అదనం. కొంత బీడులోనే పడిపోయినా, మీ పనిమనిషి లోపలికి మోసే గడ్డి కంటే బయటికి మోసే లద్దే ఎక్కువ. గడ్డి కోసమని కొంటారు, తీరా అది లద్దె బండి అవుతుంది. అందుకని ఇంజన్ హార్స్‌పవర్ ఎంతని కాదు, తొట్టి పైకి లేచి దానంతటదే ఒంపుతుందా లేదా అని అడగండి. పారతో గీకి దించాల్సిన తొట్టి అయితే మీకు ఆదా అయ్యే టైమ్‌లో సగం అక్కడే పోతుంది.

గడ్డి లోడు వచ్చిన రోజు మాత్రం వేరు. నాలుగు టన్నులు దిగితే 200 కట్టలు. యూటీవీ తొట్టిలో ఎత్తుగా పేర్చినా పది కట్టలు దాటడం కష్టం, ఎందుకంటే గడ్డికి బరువు కంటే ముందు చోటు అయిపోతుంది. అంటే 20 ట్రిప్పులు. దాన్ని చూసి పెద్ద బండి కొనాలనిపిస్తుంది, కానీ ఆ పని ఏడాదిలో పది పన్నెండు రోజులే. ఆ రోజులకు మీ పాత ట్రాక్టరు ట్రాలీ ఉంది కదా. అది నడిచినన్నాళ్లూ దాన్ని అమ్మకండి. కొత్త బండి వస్తే పాతది దండగ అని ఇంట్లో మాట వస్తుంది, వినకండి. రేపు ఎప్పుడైనా చిన్న కట్టలు మానేసి రెండు మూడు వందల కిలోల గుండ్రటి చుట్టలకు మారాలనుకుంటే, వాటిని ఎత్తగలిగేది లోడర్ తగిలించిన ట్రాక్టరే. ఎంత ఖరీదైన యూటీవీ అయినా ఆ పనికి రాదు.

ఇక డబ్బు. మీరు ధర రాయలేదు, కాబట్టి కొత్త బండి ధరను 100 అనుకుందాం. వడ్డీ 12 శాతమైతే ఐదేళ్ల వాయిదాల్లో మీరు కట్టేది మొత్తం 133. మూడేళ్లకే తీర్చేస్తే 120 లోపే. అందుకే ఐదేళ్ల వాయిదా గురించి డీలర్ అంత తియ్యగా చెబుతాడు: నెలకు కట్టేది చిన్నగా కనిపిస్తుంది, మొత్తం కనిపించదు. సర్వీసు, ఇన్సూరెన్సు, టైర్లకు ఏడాదికి 6 చొప్పున ఐదేళ్లకు 30 వేసుకుందాం. ఐదేళ్ల తర్వాత 45కి అమ్ముడైందనుకుందాం. నికరంగా 118 ఖర్చు, ఏడాదికి 24 దగ్గర.

సెకండ్ హ్యాండ్ బండి 45కి దొరికిందనుకోండి. రిపేర్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఏడాదికి 9 వేశాను. ఐదేళ్లకు 45, చివరికి 20కి అమ్మితే నికరంగా 70, ఏడాదికి 14. మీ 45 బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ కూడా కలిపినా 16 చుట్టూ తిరుగుతుంది. ఈ అంకెలు నేను వేసుకున్నవి. మీ దగ్గర దొరికే ధరలు పెట్టి మళ్లీ వేయండి, పద్ధతి మాత్రం ఇదే.

వేసిన తర్వాత ఒక పని చేయండి. గంటన్నర పని అరగంటకు తగ్గితే రోజుకు ఒక గంట మిగులుతుంది, ఏడాదికి 365 గంటలు. బండి ఏడాది ఖర్చును 365తో భాగించండి. వచ్చిన అంకె మీ పనిమనిషికి గంటకు ఇచ్చే కూలి కంటే తక్కువైతే కొనడంలో తప్పులేదు. ఎక్కువైతే బండి అవసరం కాదు, ముచ్చట. ముచ్చట పడకూడదని నేను అనను, కానీ దానికి ఇంటి ఖర్చులోంచి డబ్బు తీయండి, ఫామ్ లెక్కలోంచి కాదు. ఇంకో చిన్న మెలిక: ఆ మిగిలిన గంటలో పనిమనిషి ఇంకేదైనా పని చేస్తేనే అది ఆదా. జీతం అదే, పని తగ్గిందంటే మీ జేబులోకి వచ్చింది ఏమీ లేదు. అతని నడుముకు వచ్చింది, అదీ లెక్కే అనుకోండి.

ఇప్పుడు గడ్డి డబ్బు. ఏడాదికి మీ గుర్రాలు తినేదే 39 టన్నుల పైచిలుకు. కోతల సమయంలో గడ్డి చవగ్గా దొరుకుతుంది, తర్వాత నెలలు గడిచేకొద్దీ ధర ఎక్కుతుంది. చేతిలో డబ్బున్నవాడు అప్పుడే నింపుకుంటాడు, లేనివాడు నెలనెలా ఎక్కువ పెట్టి కొంటాడు. మీరు పొదుపు మొత్తం పెట్టి కొత్త బండి కొంటే రెండో వరుసలో నిలబడతారు. సగం గడ్డిని ఐదో వంతు ఎక్కువ పెట్టి కొనాల్సి వచ్చిందంటే, ఏడాది గడ్డి బిల్లు పది శాతం పెరిగినట్టే. అది ఏ లోను కాగితంలోనూ కనిపించని వడ్డీ.

వాయిదాల మీద కొంటే గడ్డి డబ్బు మిగులుతుంది కదా అంటారు మీవారు. నిజమే. కానీ ఫీజు కట్టే ఎనిమిది గుర్రాల్లో రెండింటిని యజమానులు తీసుకెళ్లిపోతే? ఆదాయం పావు వంతు పోతుంది, వాయిదా మాత్రం తగ్గదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువలేదంటారే, అప్పు మీద తెచ్చిన బండి కూడా అలాంటిదే, నడిచినా నిలబడినా నెల తిరిగేసరికి దాని మేత దానికి పెట్టాలి. మీ ఫీజు ఆదాయంలో ఖర్చులు పోగా మిగిలేదాన్ని చూసుకుని, రెండు గుర్రాలు లేకపోయినా వాయిదా కట్టగలరా అని కాగితం మీద వేసి చూపించండి. వాదన అక్కడే తేలిపోతుంది.

బండి కంటే ముందు ఇంకో చిన్న ఖర్చు ఉంది, నాకు అది ముఖ్యం. గడ్డి నేల మీద వేస్తున్నారా? అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు చిన్న కట్టల గడ్డితో చేసిన ప్రయోగంలో, నేల మీద వేస్తే 13 శాతం వృథా అయింది. రకరకాల మేత తొట్టెల్లో వేసినప్పుడు ఒక శాతం నుంచి ఐదు శాతం లోపే. మీ లెక్కకు పెడితే, నేల మీద వేసేవాళ్లు 45 టన్నులు కొనాలి, మంచి తొట్టెల్లో వేసేవాళ్లకు 41 లోపే సరిపోతుంది. నాలుగున్నర టన్నులు అంటే రెండు వందల పైచిలుకు కట్టలు, ప్రతి ఏడాదీ. అవి కొనక్కర్లేదు, దించక్కర్లేదు, మోయక్కర్లేదు, చివరికి లద్దెతో కలిపి ఊడ్చి బయట పారేయక్కర్లేదు. పన్నెండు తొట్టెలు చేయించడానికి ఎంతవుతుందో అడిగి, దాన్ని ఈ గడ్డి ధరతో పోల్చి చూడండి. బండి దగ్గర మీకు ఇలాంటి లెక్క దొరకదు.

కాబట్టి నా వరస ఇది. మొదట ఏడాది గడ్డికి డబ్బు పక్కన పెట్టండి, దానితో పాటు ఒక మూడు నెలల ఫామ్ ఖర్చు. తర్వాత మేత తొట్టెలు. మిగిలినదాంట్లోంచి, అప్పు లేకుండా, రెండు సీట్లు, ఒంపే తొట్టి ఉన్న సెకండ్ హ్యాండ్ యూటీవీ. మిగిలింది చాలకపోతే ఇంకో సీజన్ తోపుడు బండే. మీ మాటే నెగ్గిందని ఇంట్లో చెప్పుకోవచ్చు, కానీ బండిని నేను అన్నిటికంటే వెనక నిలబెట్టానని కూడా చెప్పండి. పన్ను తగ్గుతుందని కొత్తది కొనమనేవాళ్లు వస్తారు. తరుగుదల కింద పన్ను కొంత తగ్గొచ్చు, అది మీ ఆడిటర్ చెప్పాలి. కానీ పన్నులో కొంత మిగల్చడానికి జేబులోంచి మొత్తం తీయడం ఎక్కడి లెక్కో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

సెకండ్ హ్యాండ్ చూడటానికి వెళ్లినప్పుడు రంగు చూడకండి, గంటల మీటర్ చూడండి. ఈ బండ్లలో చాలావాటికి వేగాన్ని బట్టి గేర్లు మార్చే పని ఉండదు, బెల్టు డ్రైవ్ ఉంటుంది. లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయకుండా బరువులు లాగినవాళ్ల బండిలో బెల్టు కాలి, గీరుకుపోయి ఉంటుంది. మూత తీయించి చూపించమనండి, తీయనంటే వచ్చేయండి. యాక్సిల్ దగ్గర రబ్బరు తొడుగులు చిరిగాయేమో, బ్రేకులు ఎంత అరిగాయో మెకానిక్‌కు చూపించండి. బోల్తా పడినా మనిషిని కాపాడే పైన ఇనుప ఫ్రేము, సీటు బెల్టులు సరిగ్గా ఉండాల్సిందే. మీకు వాలు ఉంది కాబట్టి ఇక్కడ బేరం లేదు. కంపెనీ రాసిన మోత బరువులో చాలాసార్లు నడిపేవాళ్ల బరువు కూడా కలిసి ఉంటుంది, తొట్టికి విడిగా ఎంతో అడగండి.

బ్యాటరీ బండి గురించి కూడా ఆలోచించండి. చప్పుడు ఉండదు, వేడి పొగగొట్టం ఉండదు, 200 మీటర్ల పనికి బాగానే సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో అయితే బ్యాటరీలు మార్చే ఖర్చు ధరలో కలిపే బేరమాడండి, లేకపోతే చవకబేరం కాస్తా ఏడాదిలో తేలిపోతుంది. పెట్రోలుదైనా డీజిలుదైనా గడ్డి షెడ్డులో మాత్రం నిలపకండి. పొగగొట్టం చుట్టూ ఎండు గడ్డి పోగులు చేరి, వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ పాయింటు కూడా గడ్డికి దూరంగానే. షెడ్డు, బండి రెండూ ఇన్సూరెన్సులో ఉన్నాయో లేదో పాలసీ తీసి ఒకసారి చదవండి.

డీలర్‌కు ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదని అనుకుంటున్నాను. ఇచ్చే ముందు, అది కొత్తదైనా పాతదైనా, తొట్టి నిండా గడ్డి కట్టలు ఎక్కించి మీ వాలు మీద కిందికి నడిపి చూపించమని అడగండి. నడిపే సీట్లో మీ పనిమనిషిని కూర్చోబెట్టండి.