కాలేజీ రోయింగ్ జట్టుకు అంతమంది కోచ్‌లు ఎందుకు?

పడవలో తెడ్డు వేసేది ఎనిమిది మందే కదా, నలుగురు కోచ్‌లు ఏం చేస్తారని మీ సందేహం. జట్టంటే ఒక్క పడవ కాదు. అమెరికాలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1997 నుంచి జరుపుతున్న మహిళల రోయింగ్ ఛాంపియన్‌షిప్‌నే తీసుకోండి. అందులో పై స్థాయి అయిన డివిజన్-1లో జట్టుగా పోటీపడే కాలేజీ ఎనిమిది మంది పడవలు రెండు, నలుగురి పడవ ఒకటి దించాలి.

ఎవరిని ఏ పడవలో కూర్చోబెట్టాలన్నది హెడ్ కోచ్ తేలుస్తారు. అసలు తలనొప్పంతా అక్కడే. రెండు పడవలకు పోటీ పెట్టి, ఒక్కొక్కరిని అటూఇటూ మార్చి, వెంటనే మళ్లీ పోటీ పెడతారు. పడవల మధ్య దూరం ఎంత మారిందో చూస్తే, మారిన ఇద్దరిలో ఎవరు మెరుగో తెలిసిపోతుంది. జిమ్‌లో రోయింగ్ మెషీన్ మీద అదరగొట్టినవాళ్లు ఇక్కడ తేలిపోవడం మామూలే!

అసిస్టెంట్లు కొత్తవాళ్లకు శిక్షణ, రిక్రూటింగ్ పంచుకుంటారు. ఇక బోట్‌మ్యాన్ ఉన్నచోట పడవల రిపేర్లు, తెడ్ల అమరిక ఆయన పనే. నా లెక్కలో జట్టులో అందరికన్నా తక్కువ పేరొచ్చేది ఆయనకే.

పోటీ మొదలయ్యాక మాత్రం రేడియోలో సలహాలివ్వడం కుదరదు. ఆ 2,000 మీటర్లూ పడవలో కూర్చుని దారి మళ్లిస్తూ ఆదేశాలిచ్చే కాక్స్ చెప్పిందే వేదం.